తాతకూ తమ్ముడికీ ఐదు రౌండ్లు

మొన్నొక సాయంత్రం ఉప్పల్‌లో మెట్రో ఎక్కి కూర్చున్నాను. నా పక్కన ముప్పై ఏళ్ళ మనిషి, పోచారం సాఫ్ట్‌వేర్ కంపెనీలవాళ్ళు మెడలో వేసుకునే బిళ్ళ ఇంకా తీయకుండానే ఫోను మీదికి వంగి బొటనవేళ్ళు గబగబా ఆడిస్తున్నాడు. మర్యాద కాదని తెలిసీ తొంగి చూశాను. ఆ చిన్న అద్దంలో ఇద్దరు బాక్సర్లు కొట్టుకుంటున్నారు. ఒకడు మా వయసువాళ్ళకు గుర్తుండే ఎనభైలనాటి చాంపియన్, రెండోవాడు రెండో ప్రపంచయుద్ధానికి ముందటివాడు. ఇద్దరూ ఒక బరిలో నిలబడే వీలే లేనివాళ్ళు. నేను చూస్తున్నది గమనించి ఆయన నొచ్చుకోకుండా ఫోను నా వైపు తిప్పి, ఏ కాలంవాళ్ళనైనా ఇందులో కలిపి ఆడించవచ్చు అంకుల్, ఎవరు గెలుస్తారో ఇదే లెక్కగట్టి చెప్తుంది అన్నాడు. హబ్సిగూడ స్టేషను రాకముందే పాత చాంపియన్ రెండో రౌండులో వెల్లకిలా పడిపోయాడు. అయ్యో, తాత పడ్డడా అని నా నోటినుంచి వచ్చేసింది. ఎవరి తాత అన్నట్టు ఆయన నా ముఖంలోకి చూశాడు. చెప్పాలంటే తార్నాక దాకా సరిపోదు, అందుకని ఊరుకున్నాను. ఇక్కడైతే తీరికగా చెప్పుకోవచ్చు.

ఎనభైల చివర నాచారంలో బోల్టులూ నట్లూ తయారుచేసే ఒక చిన్న కంపెనీలో నేను మిషను మీద పనిచేసేవాణ్ణి. పదో తరగతి లెక్కల్లో తప్పి, నల్లగొండ జిల్లాలోని మా ఊళ్ళో ఊరికే తిరుగుతుంటే, అప్పటికే ఆ కంపెనీలో ఉన్న మా పెద్దక్క భర్త నన్ను వెంట తెచ్చుకుని పనిలో పెట్టించాడు. ఉప్పల్‌లో అక్కాబావల ఇంట్లోనే ఉండేవాణ్ణి. డ్యూటీ దిగగానే నా సైకిలు తిన్నగా గ్రంథాలయం ముందు ఆగేది. చదువు ఆగిపోయినవాడికి పుస్తకాల మీద పుట్టే పట్టుదల ఎలాంటిదో మీలో కొందరికైనా అనుభవమై ఉంటుంది. ఇంగ్లీషు నాకు ఎవరూ నేర్పలేదు. పక్కన నిఘంటువు పెట్టుకుని, రోజుకు రెండు పేజీలు, బావి తవ్వినట్టు తవ్వుకుంటూ పోయేవాణ్ణి. అట్లా తవ్వుతుంటే దొరికింది, అట్ట ఊడిపోయిన ఒక లావుపాటి ఆటల పుస్తకం. అందులో సగానికి సగం బాక్సింగ్ చరిత్రే. నలుచదరంగా ఉన్న బరిని రింగ్ అని ఎందుకంటారో, పూర్వం నేల మీద గుండ్రంగా గీత గీసి కొట్టుకునేవాళ్ళనీ, చేతి తొడుగులు వచ్చింది తలను కాపాడటానికి కాదు, వేళ్ళ ఎముకలు విరగకుండా ఉండటానికనీ నేను తెలుసుకున్నది అక్కడే. తెలుసుకున్నది తెలుసుకున్నట్టు మరునాడు క్యాంటీనులో చెప్పకపోతే నాకు అన్నం సహించేది కాదు.

మా క్యాంటీను అంటే రేకుల షెడ్డు, నాలుగు బల్లలు, ఒక కిరసనాయిలు స్టవ్వు, దాని వెనక టీ కాచే అక్క. ఆమెను మేనేజరు కూడా అక్క అనే పిలిచేవాడు. ఆ రోజుల్లో కొత్త చాంపియన్ బొమ్మ పత్రికల్లో ఆటల పేజీకి ఎక్కని వారం లేదు. ఇతడు గనక మా పుస్తకంలోని పాత చాంపియన్‌తో తలపడితే ఎవరు గెలుస్తారని ఒక మధ్యాహ్నం నేను ఎత్తిన మాటే ఆ తర్వాత మా అందరికీ వ్యసనమైంది. పేర్లు ఒక్కొక్కరూ ఒక్కోలా పలకడం, పలకడం దగ్గరే తగాదా పడటం చూసి విసుగెత్తిన అక్క, పాతోడు తాత, కొత్తోడు తమ్ముడు అని పేర్లు పెట్టి ఆ గొడవ తీర్చేసింది. మెల్లగా ఒక పద్ధతి కూడా ఏర్పడింది. ప్రతి శనివారం మధ్యాహ్నం భోజనాల వేళ పోటీ. తాత తరఫున ఒకరు, తమ్ముడి తరఫున ఒకరు. మొత్తం ఐదు రౌండ్లు, రౌండుకు మూడు నిమిషాలు. అందులో చెరి సగం. తన మనిషి ఆ రౌండులో ఎట్లా నిలబడ్డాడో, ఎటు జరిగాడో, ఏ దెబ్బ ఎక్కడ వేశాడో కళ్ళకు కట్టినట్టు చెప్పాలి. బావ చేతిగడియారం చూసి సమయం చెప్పేవాడు. అక్క గరిటెతో స్టీలు పళ్ళెం మీద కొడితే గంట. తీర్పు కూడా ఆమెదే. బాక్సింగ్ అంటే ఏమిటో తెలియని మనిషి ఆమె ఒక్కతే కాబట్టి పక్షపాతం ఉండదని అందరం ఒప్పుకున్నాం.

తాత తరఫున ఎప్పుడూ నేనే. తమ్ముడి తరఫున ఎప్పుడూ మామ.

మామ మా గేటు వాచ్‌మన్. నాకు వరసకు మామ కాడు, నిజానికి ఎవరికీ కాడు, అయినా అందరికీ మామే. జనగామ వైపు మనిషి, మిలిటరీలో చేసి వచ్చాడు, అక్కడ రెజిమెంటు తరఫున బాక్సింగ్ ఆడాడు. ముక్కు ఒక పక్కకు ఒరిగి ఉండేది, ఎడమ కన్ను అప్పుడే పోయింది. ఆదివారం నాచారం చర్చికి తెల్లచొక్కాలో వెళ్ళేటప్పుడు తప్ప ఖాకీ విడిచేవాడు కాదు. అంతటి పాతకాలం మనిషి పాత చాంపియన్‌ను వెనకేసుకురావాలి కదా, కానీ ఆయన వాదన తలకిందులు. మనుషులు తిండిలో పెరిగారు, కసరత్తులో పెరిగారు, ఇప్పటివాడి ముందు అప్పటివాడు నిలబడడు అనేవాడు. నేను పుస్తకంలోంచి చేతి పొడవు అంగుళాల్లో చెప్తుంటే నవ్వేవాడు. "బిడ్డా, రెండో రౌండుకు చేతులు ఇటుకలు మోసినట్టుంటయ్. గది నీ పుస్తకంల రాసిన్రా?" అంటే షెడ్డంతా ఘొల్లుమనేది. పన్నెండు శనివారాలు ఆడితే పదింటిలో ఓడిపోయాను. అన్నం తింటూ కూడా నాకు అదే బాధ.

ఒక బుధవారం ఆ పుస్తకాన్ని గ్రంథాలయంనుంచి ఇంటికి తెచ్చుకుని, మరునాడు సంచిలో వేసుకుని కంపెనీకి తీసుకెళ్ళాను. తాత నిలబడిన తీరు ఒక్కసారి చూస్తే మామ నోరు మూతపడుతుందని నా ఆశ. గుర్తుకోసం బస్సు టిక్కెట్టు పెట్టిన పేజీ తెరిచి, నేనే సరిగా చూడకుండా, మామ చేతిలో పెట్టేశాను. ఆయన షెడ్డు గుమ్మంలో వెలుతురుకు తిప్పి, ముఖానికి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశాడు. కాళ్ళు మరీ దూరం పెట్టిండు, గట్ల నిలబడితే తమ్ముడు పొట్టల గుద్దుతడు అన్నాడు. తన గడ్డం తట్టుకుంటూ, గదవ మంచిగ దాసుకున్నడు, గది మాత్రం ఒప్పుకుంట అని కూడా అన్నాడు. నేను సంబరంగా పుస్తకం వెనక్కి తీసుకుని చూసుకున్నాను. సంచిలో టిక్కెట్టు జారి వేరే పేజీలోకి పోయినట్టుంది, అది బాక్సింగ్ పేజీ కాదు. కంచె మీదుగా దూకుతున్న గుర్రం బొమ్మ.

ఆ క్షణం నా నాలుక చివర ఏముందో చెప్తే మీరు నన్ను మెచ్చుకోరు. పది శనివారాల ఓటమి ఒక్క మాటతో తీరిపోతుంది. చుట్టూ పదిహేనుమంది ఉన్నారు. గుర్రానికి గదవ ఎక్కడుంది మామా అంటే చాలు, ఇక ఆయన మాటకు క్యాంటీనులో విలువ ఉండదు. పుస్తకం మూసి సంచిలో పెట్టుకున్నాను. అది మంచితనం అని చెప్పుకోను, భయం వేసింది. అంతవరకు చూసీ చూడనివన్నీ ఒకదాని వెంట ఒకటి గుర్తొచ్చాయి. మేం గేటు దగ్గరికి రాకముందే మామ మా సైకిలు చైను చప్పుడును బట్టి పేరు పెట్టి పిలవడం. టీ గ్లాసు కోసం ముందు బల్లను తడమడం. లారీ వస్తే రిజిస్టరు డ్రైవరు చేతికే ఇచ్చి, నీ నంబరు నువ్వే రాయి, నేనేమన్న నీ నౌకరునా అని దబాయించడం. అది మిలిటరీ దర్జా అని మేమంతా ముచ్చటపడేవాళ్ళం. పైగా కొత్తగా వచ్చిన మేనేజరు, వచ్చే నెల మొదటి తారీఖునుంచి లారీ నంబర్లు వాచ్‌మన్లే తమ చేత్తో రాయాలని గోడకు కాగితం అంటించి అప్పటికి నాలుగు రోజులైంది. గేటు పోతే మామకు ఇంకో పని లేదు.

ఆ సాయంత్రం అందరూ వెళ్ళేదాకా సైకిలు గాలి చూస్తున్నట్టు నటించి, గేటు దగ్గర ఆగాను.

"మామా, పొద్దుగాల నువ్వు జూసింది గుర్రం బొమ్మ."

మామ గేటు గొళ్ళెం తడిమి వేశాడు. తర్వాత, "ఎవరికి జెప్పినవ్?" అన్నాడు.

"ఎవరికి జెప్పలే."

"గుర్రం మంచిగున్నదా?"

"మంచిగనే ఉన్నది."

"మరింకేంది. ఇంటికి వో."

నేను పోలేదు. ఆయన కుడి కంట్లో నల్లగుడ్డు మధ్య ముత్యంలా తెల్లగా ఉండటం అప్పుడు దగ్గరినుంచి చూశాను. దాన్ని మోతిబిందు, అదే కంటి శుక్లం, అంటారనీ, ఆపరేషనుతో పోతుందనీ గ్రంథాలయంలో ఆరోగ్యం పుస్తకంలో చదివి ఉన్నాను. అదే చెప్పాను. మామ ఆపరేషను మాట వినగానే గొంతు తగ్గించి, తన ఎడమ కన్ను సంగతి మొదటిసారి చెప్పాడు. రెజిమెంటు పోటీలో కనుబొమ చిట్లి, కన్ను లోపల దెబ్బతిని మిలిటరీ దవాఖానాలో చేరాడట. ఈ కన్ను రాదని డాక్టర్లు మొదటిరోజే చెప్పారట, ఈయనే నమ్మలేదు. కట్టు విప్పిన రోజు కుడి కన్ను చేత్తో మూసుకుని చూసి, దీపం వెలిగించమని కేకలు వేశాడట, వెలిగే ఉందని పక్క మంచం మనిషి చెప్పేదాకా. ఉన్న కాసింత మసక వెలుగును కూడా కట్టు కిందికి పంపడానికి ఆయనకు ధైర్యం లేదు. ఇంట్లో ఆయన భార్య, మా అందరికీ అత్తమ్మ, మూడు నెలలుగా బతిమాలుతోందట. చర్చిలో ప్రార్థన కూడా పెట్టించిందట. ప్రార్థనకు ఒప్పుకున్న గాని కత్తికి ఒప్పుకోలేదు అన్నాడు.

ఎట్లా తోచిందో నాకు, శనివారం పోటీలో నేను గెలిస్తే నా వెంట దవాఖానాకు రావాలి అన్నాను. మామ నవ్వాడు. "నువ్వు గెల్సుడు గూడ ఒక ముచ్చటేనా? సరే పో, మాటిచ్చిన. మిలిటరీ మాట."

ఆ రాత్రీ మరుసటి రాత్రీ నేను చదివినట్టు పరీక్షకు చదివి ఉంటే పదో తరగతి ఎప్పుడో దాటేవాణ్ణి. పాత రోజుల్లో పెద్ద పోటీలు పదిహేను రౌండ్లు సాగేవనీ, ఎనభైల్లో వాటిని పన్నెండుకు తగ్గించారనీ, తాత ఎన్నిసార్లు చివరి రౌండ్లలో గెలిచాడనీ నోటుబుక్కులో నాలుగు పేజీలు రాసుకున్నాను. టీ అక్కకు గానీ బావకు గానీ మా ఒప్పందం తెలియదు. వాళ్ళకు అది మరో శనివారం అంతే.

మొదటి రౌండు పోయింది. గంట మోగగానే తమ్ముడు ఎట్లా మీదికి దూకాడో మామ చెప్తుంటే బల్ల దగ్గరివాళ్ళు వెనక్కి జరిగారు. రెండో రౌండులో నేను మళ్ళీ అంగుళాల్లోకి పోయాను. అక్క గరిటె ఊపి, "అంగుళాలు నాకెందుకు పిలగా, నేనేమన్న జాకెట్టు కుడుతున్ననా? కొట్టిండా లేదా జెప్పు" అంది. అదీ పోయింది. ఇంకొక్కటి పోతే మామ కన్ను పోయినట్టే అనిపించింది. నోటుబుక్కు మూసేసి మూడో రౌండుకు లేచాను. తమ్ముడికి త్వరగా ముగించడమే అలవాటు, మూడో రౌండుకు నోరు తెరిచి ఊపిరి పీలుస్తున్నాడు, తాతకు ఇంకా చెమట కూడా పట్టలేదు, పదిహేను రౌండ్ల మనిషి కదా అన్నాను. అక్క కాసేపు ఆలోచించి, పొద్దంతా స్టవ్వు ముందు నిలబడేదాన్ని, నాకు ఎరుకే, ఆగి ఆగి చేసేటోడే నిలబడతడు అని నాకిచ్చింది. నాలుగోదీ నాదే. బావ గడియారం చూడటం మరిచిపోయి రెండుసార్లు తిట్లు తిన్నాడు.

ఐదో రౌండు మాట చెప్పే ముందు ఒక సంగతి ఒప్పుకోవాలి. ఆ మాట అప్పటికప్పుడు తోచిందని ఇన్నేళ్ళూ అందరికీ చెప్పుకుంటూ వచ్చాను. తోచలేదు. శుక్రవారమే నోటుబుక్కు చివరి పేజీలో రాసి పెట్టుకున్నాను.

తాత కొట్టిన దెబ్బకు తమ్ముడి ఎడమ కనుబొమ చిట్లింది అన్నాను. రక్తం కంట్లోకి కారింది. కుడి కన్ను ముందే వాచి మూతపడుతోంది. తాత తొందరపడలేదు, ఒక్క అడుగు పక్కకు వేసి, తమ్ముడికి కనబడని వైపు నిలబడ్డాడు. అంతే, కూర్చున్నాను. నా ఒకటిన్నర నిమిషంలో సగం కూడా వాడలేదు.

మామ లేచి నిలబడ్డాడు. మామూలుగా కూర్చునే చెప్పేవాడు. రెండు చేతులూ పైకెత్తి గడ్డం దగ్గర పెట్టుకున్నాడు, మోకాళ్ళు కొంచెం వంచాడు. యాభై ఏళ్ళు దాటిన మనిషి, ఖాకీ చొక్కా, కాళ్ళకు టైరు చెప్పులు. తమ్ముడు ఏం చేస్తాడో ఆయన నోటితో చెప్పడం లేదు. తల పక్కకు తిప్పి, చప్పుడును బట్టి అవతలివాణ్ణి వెతికేవాడిలా నిలబడ్డాడు. తాతను కావిలించుకుని సమయం గడిపేశాడని చెప్పి ఉంటే చాలు, అక్క ఆయనకే ఇచ్చేది. తాళ్ళకు ఆనుకుని తప్పించుకున్నాడన్నా ఇచ్చేది. వీటిలో ఏ ఒక్కటీ ఆయనకు తెలియనిది కాదు. మెల్లగా చేతులు దించాడు.

"చెల్లె, గంట గొట్టు. మావోడు పడ్డడు."

"ఇంకా టైమున్నది మామా," అన్నాడు బావ, అర్థంకాక.

"కనబడకుంట అయినంక నిలబడరాదు బిడ్డా. నాకెరుక. గొట్టు చెల్లె."

అక్క పళ్ళెం మీద ఒక్కసారే, మెత్తగా కొట్టింది. అందరూ నన్ను భుజాలు పట్టుకుని ఊపుతుంటే నాకు గెలిచినట్టే లేదు. చేతులు కడుక్కునే కుళాయి దగ్గర మామ నా పక్కకు వచ్చి, కొట్టాల్సిన కాడనే కొట్టినవ్ అన్నాడు. కోపంగా అనలేదు. అందుకే ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

సోమవారం నేనూ అత్తమ్మా ఆయన్ని చెరోవైపూ నడిపించుకుంటూ సర్కారు కంటి దవాఖానాకు తీసుకెళ్ళాం. ఆపరేషను తర్వాత తల కదపకుండా పడుకున్న రోజుల్లో, కట్టు విప్పినప్పుడు దీపం వెలిగే ఉందా అని ముందే చూసి చెప్పమని నాచేత ఒట్టు వేయించుకున్నాడు. విప్పిన రోజు నేను చెప్పనక్కర లేకపోయింది. అత్తమ్మ ముఖం చూసి, గింత ముసలిదానివి ఎప్పుడైనవే అన్నాడు. ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంటూనే, నువ్వు జూడనప్పుడు అయిన అంది.

ఆయన లేనన్నాళ్ళూ బావ మేనేజరును బతిమాలి డ్యూటీలు సర్దుబాటు చేయించాడు. సీసా అడుగుల్లాంటి కళ్ళద్దాలు పెట్టుకుని మామ తిరిగి గేటులో కూర్చున్న రోజు, మొదటి లారీ నంబరు పొడవాటి అంకెల్లో, రిజిస్టరులో రెండు గళ్ళు ఆక్రమించేలా రాశాడు. రాసి, వెళ్ళబోతున్న డ్రైవరును ఆపి చూపించాడు. మధ్యాహ్నం క్యాంటీనులోకి వస్తూనే గుర్రం ఏదిరా అన్నాడు. ఎవరికీ అర్థం కాలేదు, నేను పుస్తకం తీసి ఇచ్చాను. చూసి చూసి, కడుపు పట్టుకుని నవ్వి, జరిగింది తనే అందరికీ చెప్పాడు. "గుర్రాన్ని ముంగట వెట్టి గదవ జూడుమన్నడు ఈ లైబ్రరీ సారు" అని నన్ను తిట్టాడు. తర్వాత అసలు పేజీ తెరిపించాడు. తాత బొమ్మను ఆయన నిజంగా చూడటం అదే మొదలు. ఆ మోచెయ్యి, ఆ మడమ, భుజం వెనక దాచుకున్న గడ్డం వేలితో తడుముతూ కూర్చున్నాడు. అన్నం చల్లారిపోయింది. చివరికి, ఇన్ని దినాలు ఈణ్ణా నేను తిట్టింది అన్నాడు.

ఆ శనివారం నుంచి మామ తాత పక్షం. పద్ధతి ప్రకారం నేను తమ్ముడి పక్షం తీసుకోవలసి వచ్చింది, మళ్ళీ వరసగా ఓడిపోయాను.

తొంభైల మధ్యలో ఆ కంపెనీ మూతపడింది. ఆ స్థలంలో ఇప్పుడు అపార్టుమెంట్లు లేచాయి, రేకుల షెడ్డు ఎక్కడుండేదో గుర్తుపట్టడానికి కూడా ఆధారం లేదు. మామ పోయి చాలా ఏళ్ళయింది, చివరిదాకా ఆ ఒక్క కంటితోనే పత్రికలో ఆటల పేజీ చదివేవాడు. నేను చెంగిచెర్లలో ఇల్లు కట్టుకున్నాను. గ్రంథాలయానికి ఇంకా వెళ్తాను. అక్కడ పోటీపరీక్షల పిల్లలు మహా శ్రద్ధగా చదువుకుంటారు. అట్ట ఊడిన పుస్తకాల వైపు ఎవరూ రారు, ఆ ఆటల పుస్తకం ఎప్పుడు ఎటు పోయిందో అడిగినా చెప్పగలిగినవాళ్ళు లేరు.

మెట్రోలో ఆ అబ్బాయి మంచివాడే. నేను ముఖం చిన్నబుచ్చుకున్నానని చూసి, మళ్ళీ ఆడిస్తా అంకుల్, ఈసారి మీ తాత గెలుస్తాడేమో అన్నాడు. ఒక మీట నొక్కగానే పడినవాడు లేచి నిలబడ్డాడు, ఒంటి మీద గీత కూడా లేదు. వాళ్ళిద్దరూ మళ్ళీ కొట్టుకోవడం మొదలుపెట్టారు. ఆ అబ్బాయి తమ్ముడి పక్షమో తాత పక్షమో నాకు తెలియలేదు, బహుశా ఆయనకూ అక్కర్లేదు. తార్నాకలో దిగుతుంటే వెనకనుంచి ఫోనులో గంట మోగింది. ఎవరు పడ్డారో తిరిగి చూడలేదు. తన మనిషి పడ్డాడని తన నోటితో చెప్పుకోవాల్సినవాళ్ళు అక్కడ ఎవరూ లేరు.